‘తాత్కాలికం’ అంటే ఎప్పటిదాకా? నెట్‌వర్క్ నిబంధనల్లో మాటకున్న బరువు

2008 ఫిబ్రవరి 24న ప్రపంచంలో చాలా చోట్ల యూట్యూబ్ తెరుచుకోలేదు. యూట్యూబ్ సర్వర్లలో లోపమేమీ లేదు. తమ దేశంలో ఆ సైటును నిలిపివేయాలన్న ఆదేశాన్ని అమలు చేసే క్రమంలో పాకిస్తాన్ టెలికాం సంస్థ 256 ఇంటర్నెట్ చిరునామాలకు ఒక కొత్త దారిని తన నెట్‌వర్క్‌లో ప్రకటించింది. దేశం లోపలే ఉండిపోవాల్సిన ఆ ప్రకటన, హాంకాంగ్‌కు చెందిన పీసీసీడబ్ల్యూ నెట్‌వర్క్ గుండా బయటి ప్రపంచానికి పాకింది. యూట్యూబ్ తన చిరునామాలను 1,024 ఉన్న పెద్ద గుంపుగా ప్రకటిస్తూ వచ్చింది. ఒకే చిరునామాకు రెండు దారులు కనిపిస్తే రూటర్లు చిన్న గుంపునే ఎంచుకుంటాయి. అది మరింత కచ్చితమైన సమాచారమని వాటి లెక్క. దాంతో యూట్యూబ్‌కు వెళ్లాల్సిన రద్దీ పాకిస్తాన్ వైపు మళ్లింది. పరిస్థితి చక్కబడడానికి రెండు గంటలకు పైగా పట్టింది.

ఆ దారిని పెట్టిన ఇంజనీర్ల ఉద్దేశం ‘ఇక్కడికి మాత్రమే’ అన్నది. కానీ రూటర్ ఉద్దేశాలను చదవదు. ‘ఇక్కడికే’, ‘ప్రస్తుతానికే’, ‘మళ్లీ చెప్పేదాకా’ లాంటి మాటలు మనుషుల మధ్య చెల్లుతాయి. యంత్రానికైతే హద్దు ఎక్కడ, గడువు ఎప్పటిదాకా, ఎవరి మాట చెల్లుతుంది అన్నవి విడివిడిగా చెప్పాలి. అలా చెప్పడానికి ముందు, ఆ మాటల అర్థం ఏమిటో యంత్రాలు తయారుచేసే వాళ్లందరూ ఒక ఒప్పందానికి రావాలి. పైకి చిన్నదిగా కనిపించే ఈ పనికి ఇంటర్నెట్ ప్రమాణాల ప్రపంచంలో ఏళ్లే పట్టాయి.

రూటర్‌కు రెండు జ్ఞాపకాలు

రైల్వే స్టేషన్‌లో అచ్చువేసిన టైమ్‌టేబుల్ ఉంటుంది. ఏ రైలు ఎన్ని గంటలకు, ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తుందో అందులో రాసి ఉంటుంది. మైకులో ప్రకటనలూ వినిపిస్తుంటాయి. ‘ఈ రోజు మాత్రం ఈ రైలు మూడో నంబరుకు బదులు ఐదో నంబరు ప్లాట్‌ఫాం మీదికి వస్తుంది’ అని. మర్నాటికి ఆ ప్రకటనకు విలువ లేదు, టైమ్‌టేబుల్ మాత్రం అలాగే ఉంటుంది. ఇవి రెండూ కాక, ఈ క్షణంలో రైళ్లు నిజంగా ఎక్కడున్నాయి అన్నది మూడో సంగతి.

రూటర్‌లోనూ ఇలాంటి మూడు రకాల సమాచారం ఉంటుంది. ఇంజనీరు ఆలోచించి రాసి, భద్రపరిచిన శాశ్వత అమరిక టైమ్‌టేబుల్ లాంటిది. కరెంటు పోయి వచ్చినా రూటర్ దాన్ని చదువుకునే మళ్లీ పని మొదలుపెడుతుంది. పక్క రూటర్ల నుంచి తెలుసుకున్న దారులు, ఏ లింకు పనిచేస్తోంది, ఎంత డేటా పోతోంది అన్నవి నడుస్తున్న స్థితి. ఈ రెంటికీ మధ్య, అప్పటి అవసరానికి బయటి నుంచి పెట్టే అమరిక మైకు ప్రకటన లాంటిది. ఇంజనీర్లు దీన్ని తాత్కాలిక స్థితి అంటారు.

నెట్‌వర్క్ ఇంజనీర్లకు ఇందులో ఒక భాగం ఎప్పటి నుంచో తెలిసిందే. సిస్కో రూటర్లలో నడుస్తున్న అమరిక వేరు, స్టార్టప్ అమరిక వేరు. మార్పు చేసి, దాన్ని భద్రపరచడం మరచిపోతే రూటర్ మళ్లీ మొదలైనప్పుడు పాత అమరికే వస్తుంది. లినక్స్ కంప్యూటర్‌లో ఒక ఆదేశంతో కలిపిన దారి కూడా ఏ ఫైల్లోనూ రాయకపోతే రీబూట్‌తో పోతుంది. అయితే ఇక్కడ తాత్కాలికత అనేది భద్రపరచకపోవడం వల్ల వచ్చిన ఫలితం మాత్రమే. ‘ఇది తాత్కాలికం’ అని ఎవరూ ఎక్కడా ప్రకటించలేదు. భద్రపరచడం మరచిన మార్పు, కావాలనే వదిలేసిన మార్పు రెండూ రూటర్‌లో ఒకేలా కనిపిస్తాయి.

ఈ అయోమయం మీద నిర్వాహకులు చాలాకాలంగా ఫిర్యాదు చేస్తున్నారు. 2002 జూన్‌లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో ఇంటర్నెట్ ఆర్కిటెక్చర్ బోర్డు ఒక సమావేశం జరిపింది. నెట్‌వర్క్‌లను నడిపేవాళ్లు, ప్రమాణాలు రాసేవాళ్లు అక్కడ కలిశారు. అమరిక, నడుస్తున్న స్థితి, గణాంకాలు ఈ మూడింటినీ స్పష్టంగా వేరుచేయాలన్నది నిర్వాహకులు చెప్పిన ముఖ్యమైన కోరికల్లో ఒకటి. ఆ తర్వాతి ఏళ్లలో రూటర్ల అమరికను మార్చడానికి నెట్‌కాన్ఫ్ అనే ప్రొటోకాల్, ఆ అమరిక ఏ రూపంలో ఉండాలో వర్ణించడానికి యాంగ్ అనే భాష వచ్చాయి.

మనిషి స్థానంలో ప్రోగ్రాం

ఒక బ్యాంకు వెబ్‌సైటు మీద ఒక్కసారిగా లక్షల కంప్యూటర్ల నుంచి దొంగ రద్దీ వచ్చి పడుతోందనుకుందాం. ఆ వరదను ఆపడానికి దాడికి గురైన చిరునామాకు వచ్చే డేటాను నెట్‌వర్క్ అంచులోనే పారేసేలా ఒక దారి పెడతారు. దీన్ని ఇంజనీర్లు బ్లాక్‌హోల్ అంటారు. ఆ ఒక్క చిరునామా అందుబాటులో లేకుండా పోతుంది గానీ మిగతా నెట్‌వర్క్ బతుకుతుంది. దాడి ఆగగానే ఆ దారిని తీసేయాలి. తీయకపోతే దాడిచేసినవాళ్ల పని మనమే పూర్తిచేసినట్టు అవుతుంది.

ఇలాంటి మార్పులు సెకన్ల వ్యవధిలో జరగాలి. మనిషి లాగిన్ అయి ఆదేశాలు టైపు చేసేంత తీరిక ఉండదు. రద్దీని గమనించే ప్రోగ్రామే రూటర్‌తో నేరుగా మాట్లాడాలి. ఈ అవసరం కోసం ఇంటర్నెట్ ఇంజనీరింగ్ టాస్క్ ఫోర్స్‌ (ఐఈటీఎఫ్)లో ఐటూఆర్‌ఎస్ అనే కార్యబృందం పనిచేసింది. బయటి నుంచి ఆదేశాలు పంపే ప్రోగ్రామును ఈ బృందం క్లయింట్ అని, రూటర్‌లో ఉండి వాటిని అందుకుని అమలుచేసే భాగాన్ని ఏజెంట్ అని పిలిచింది. వ్యవస్థ మొత్తం రూపురేఖల పత్రం 2016 జూన్‌లో ఆర్‌ఎఫ్‌సీ 7921గా వెలువడింది. తాత్కాలిక స్థితికి ఉండాల్సిన లక్షణాలను మాత్రమే వివరించే చిన్న పత్రం 2017 సెప్టెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 8242గా వచ్చింది. దాని రచయితలు జెఫ్రీ హాస్, సుసాన్ హేర్స్.

ఇది కొత్త ప్రొటోకాల్ కాదు. ప్రొటోకాల్‌లో ఏమేం ఉండాలో చెప్పే ఆవశ్యకతల పత్రం. తుది రూపానికి రాకముందు ఇరవైకి పైగా ముసాయిదాలు మారింది. కొద్ది పేజీల పత్రానికి అన్ని ముసాయిదాలు ఎందుకో తెలియాలంటే ‘తాత్కాలికం’ అన్న ఒక్క మాటను విప్పి చూడాలి.

ఒక్క మాట, నాలుగు అర్థాలు

తాత్కాలికం అన్న మాటకు ఇంజనీరు కనీసం నాలుగు అర్థాలు చెప్పుకోవచ్చు.

మొదటిది, గడువు తీరగానే పోయేది. నెట్‌కాన్ఫ్‌లో ఇలాంటి ఏర్పాటు ఉంది. అమరికను మార్చి, దాన్ని ఖాయం చేస్తూ రెండో ఆదేశం పంపాలి. వేరే గడువు చెప్పకపోతే 600 సెకన్లలోగా ఆ ఆదేశం రావాలి. రాకపోతే రూటర్ తనంతట తానే పాత అమరికకు వెళ్లిపోతుంది. దూరాన ఉన్న రూటర్‌లో మార్పు చేస్తూ పొరపాటున తన దారినే తెంపుకున్న ఇంజనీరును కాపాడేది ఇదే.

రెండోది, ఆదేశమిచ్చిన ప్రోగ్రాంతో సంబంధం తెగగానే పోయేది. మూడోది, రూటర్ రీబూట్ అయితే పోయేది. నాలుగోది, పెట్టినవాళ్లు తీసేసేదాకా ఉండేది.

నాలుగూ సబబైన అర్థాలే. కాకపోతే వాటి ప్రవర్తనలు ఒకదానికొకటి పొసగవు. బ్యాంకు ఉదాహరణనే తీసుకుందాం. దాడి జరుగుతున్న సమయంలో క్లయింట్‌కూ రూటర్‌కూ మధ్య సంబంధం తెగిందనుకుందాం. అలాంటప్పుడు అది తెగే అవకాశమే ఎక్కువ. రెండో అర్థం ప్రకారం రూటర్ తయారైతే సరిగ్గా అవసరమైన సమయంలోనే రక్షణ మాయమవుతుంది. మూడో అర్థం ప్రకారం తయారైతే రక్షణ నిలుస్తుంది. ఒక కంపెనీ రూటర్ ఒక అర్థాన్ని, పక్కనే ఉన్న మరో కంపెనీ రూటర్ ఇంకో అర్థాన్ని పాటిస్తే, ఒకే ఆదేశానికి నెట్‌వర్క్ సగం ఒకలా, సగం మరోలా స్పందిస్తుంది.

ఆర్‌ఎఫ్‌సీ 8242లోని మొదటి నిబంధన మూడో అర్థాన్ని ఎంచుకుంది. తాత్కాలిక స్థితి అంటే రీబూట్ తర్వాత నిలవని స్థితి అని తేల్చింది. అక్కడితో ఆగలేదు. ఆ స్థితిని తిరిగి తేవాల్సి వస్తే, క్లయింట్ తన ఆదేశాలను ఏజెంట్ ద్వారా మళ్లీ పంపడం ఒక్కటే మార్గమని చేర్చింది.

ఈ రెండో వాక్యం ఎందుకు అవసరమో ఒక నిబంధనను మెట్టుమెట్టుగా సానపట్టి చూస్తే తెలుస్తుంది.

‘తాత్కాలిక దారులను రూటర్ సరిగా తొలగించాలి.’ చదవడానికి బాగానే ఉంది, కానీ ఎప్పుడు తొలగించాలి? ‘సరిగా’ అంటే ఏమిటి? ఈ వాక్యాన్ని పాటించలేదని ఏ రూటర్ మీదా నిరూపించలేం.

‘రూటర్ రీబూట్ అయ్యాక తాత్కాలిక దారులు ఉండకూడదు.’ ఇది మెరుగు. అయినా ఒక సందు మిగిలింది. రూటర్ లేచేటప్పుడు దారులు లేవు, కానీ ఐదు సెకన్ల తర్వాత తాను ఎక్కడో దాచుకున్న నకలు నుంచి వాటిని తెచ్చుకుంది. నిబంధన తప్పిందా? అక్షరాలా చూస్తే తప్పలేదు. నిన్నటి దాడికి పెట్టిన బ్లాక్‌హోల్ మాత్రం దాడి ఆగిపోయాక కూడా తిరిగొచ్చి, బ్యాంకు సైటును మూసేస్తుంది.

‘తాత్కాలిక దారులు రీబూట్ తర్వాత నిలవకూడదు. వాటిని తిరిగి పెట్టడం క్లయింట్ మళ్లీ పంపే ఆదేశాల ద్వారా మాత్రమే జరగాలి.’ ఇప్పుడు సందు మూసుకుంది. ఆ దారి ఇంకా అవసరమా అన్నది తెలిసింది క్లయింట్‌కే కాబట్టి నిర్ణయం దాని చేతిలోనే ఉంది. పైగా ఈ నిబంధనను పరీక్షించవచ్చు. ఒక దారి పెట్టాలి, క్లయింట్‌ను వేరుచేయాలి, రూటర్‌ను రీబూట్ చేసి చూడాలి. దారి కనిపిస్తే రూటర్ తప్పినట్టు. తర్వాత క్లయింట్‌ను కలిపి, ఆదేశం మళ్లీ పంపి చూడాలి. దారి రాకపోయినా తప్పినట్టే.

మంచి నిబంధనకు గుర్తు ఇదే. అది పాటించారా లేదా అన్న ప్రశ్నకు ప్రయోగశాలలో అవుననో కాదనో జవాబు రావాలి.

ఎవరు ఎవరి మీద ఆధారపడవచ్చు?

టైమ్‌టేబుల్, మైకు ప్రకటనల పోలికకు మళ్లీ వద్దాం. ‘టైమ్‌టేబుల్‌లో ఉన్న ఫలానా రైలు ఈ రోజు ఐదో ప్లాట్‌ఫాం మీదికి వస్తుంది’ అని ప్రకటించవచ్చు. ప్రకటన టైమ్‌టేబుల్ మీద ఆధారపడింది. అది న్యాయమే. రైలు ప్రస్తుతం ఎక్కడుందో చూసి ప్రకటించడమూ న్యాయమే. కానీ ‘ఈ రోజు మైకులో చెప్పిన ప్లాట్‌ఫాం’ అని టైమ్‌టేబుల్‌లో అచ్చువేస్తే? మర్నాటికి ఆ ప్రకటన ఉండదు. అచ్చులో మిగిలిన మాటకు అర్థం ఉండదు.

ఆర్‌ఎఫ్‌సీ 8242లోని తర్వాతి మూడు నిబంధనలు దాదాపుగా ఇదే చెబుతాయి. శాశ్వత అమరిక తన చెల్లుబాటు కోసం తాత్కాలిక స్థితి మీద ఆధారపడకూడదు. ఆధారపడితే దాన్ని తప్పుగా లెక్కించి తిరస్కరించాలి. తాత్కాలిక స్థితి మాత్రం శాశ్వత అమరిక మీదా, నడుస్తున్న స్థితి మీదా ఆధారపడవచ్చు.

ఈ ఒకవైపు దారి లేకపోతే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. తాత్కాలికంగా సృష్టించిన ఒక దారి పేరును ఎవరో శాశ్వత వడపోత నియమంలో వాడారు. నెలల తరబడి అంతా సజావుగా నడిచింది. ఒక రాత్రి కరెంటు పోయింది. రూటర్ లేచి తన శాశ్వత అమరికను చదువుకుంది. అందులో పేర్కొన్న దారి ఇప్పుడు ఎక్కడా లేదు. అమరిక చెల్లలేదు. మామూలు రోజుల్లో కనిపించని లోపం, అందరికీ నెట్‌వర్క్ అత్యవసరమైన సమయంలో బయటపడింది.

నడుస్తున్న స్థితి మీద ఆధారపడడంలో మరో చిక్కుంది. అది క్షణక్షణం మారుతుంది. పక్క నెట్‌వర్క్ నుంచి ఫలానా దారి వస్తోంది కాబట్టి ఈ తాత్కాలిక మార్పు చెల్లుతుంది అని రాశాం. అరగంట తర్వాత ఆ దారి రావడం ఆగింది. ఇప్పుడు మార్పును తీసేయాలా, ఉంచాలా? షరతులను ప్రతి క్షణం సరిచూస్తూ ఉంటే రూటర్‌కు ఆ పనే సరిపోతుంది. అసలు చూడకపోతే చెల్లని మార్పు అలాగే ఉండిపోతుంది. పత్రం మధ్యేమార్గాన్ని ఎంచుకుంది. రాసేటప్పుడు షరతులను సరిచూడాలి. ఆ తర్వాత ఏదైనా మారి షరతు చెల్లకుండా పోతే, ఏజెంట్ ఆ సంగతిని క్లయింట్‌కు తెలియజేయడం మంచిది.

‘మంచిది’ అని ఇక్కడ యథాలాపంగా అనలేదు. ఆంగ్ల మూలంలో అక్కడున్న మాట ‘షుడ్’. మిగతా చోట్ల ఉన్నది ‘మస్ట్’. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడా మీద ఇంటర్నెట్ ప్రమాణాల భాష అంతా నిలబడి ఉంది.

పెద్ద అక్షరాల కథ

1997 మార్చిలో స్కాట్ బ్రాడ్నర్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 2119 కొన్ని మామూలు ఆంగ్ల పదాలకు కచ్చితమైన అర్థాలు ఇచ్చింది. ‘మస్ట్’ అంటే మినహాయింపు లేదు. ‘షుడ్’ అంటే ప్రత్యేక పరిస్థితుల్లో తగిన కారణం ఉంటే పక్కన పెట్టవచ్చు, కానీ పర్యవసానాలను పూర్తిగా అర్థం చేసుకుని, బేరీజు వేసుకున్నాకే. ‘మే’ అంటే పూర్తిగా ఐచ్ఛికం.

ఈ పదాలను తరచుగా పెద్ద అక్షరాల్లో రాస్తారని మాత్రమే ఆ పత్రం చెప్పింది. అదే ఇరవై ఏళ్ల పాటు సందేహాలకు తావిచ్చింది. ఒక వాక్యంలో ‘మస్ట్’ చిన్న అక్షరాల్లో ఉంటే అది నిబంధనా, మామూలు మాటా? చివరికి 2017 మేలో బ్యారీ లీబా రాసిన ఆర్‌ఎఫ్‌సీ 8174 ఆ సందేహాన్ని తీర్చింది. అన్నీ పెద్ద అక్షరాల్లో ఉంటేనే ప్రత్యేక అర్థం, లేకపోతే వాడుక అర్థమే. రెండు చిన్న పత్రాలు, మధ్యలో రెండు దశాబ్దాలు.

తెలుగులో సాంకేతిక నిబంధనలు రాయాలనుకునేవాళ్లకు ఇక్కడ ఒక ఆసక్తికరమైన సమస్య ఎదురవుతుంది. తెలుగు లిపిలో పెద్ద, చిన్న అక్షరాల తేడా లేదు. పైగా ‘చేయాలి’ అన్న ఒక్క క్రియారూపమే సలహాకూ ఆజ్ఞకూ పనికొస్తుంది. ‘రోజూ నడవాలి’ అని డాక్టరు అంటే అది సలహా. ‘ఫీజు సోమవారంలోగా కట్టాలి’ అని బడివాళ్లు అంటే అది ఆజ్ఞ. సందర్భాన్ని బట్టి మనిషికి తేడా తెలుస్తుంది. ‘చేయకూడదు’ కూడా అంతే. నిషేధానికీ అదే మాట, మంచిది కాదని చెప్పడానికీ అదే.

అయితే తెలుగులో సాధనాలు లేకపోలేదు. ‘చేసి తీరాలి’, ‘చేయడం మంచిది’, ‘చేయవచ్చు’ అనే మూడు మెట్లు వాడుకలోనే ఉన్నాయి. కావాల్సింది పత్రం మొదట్లోనే ‘ఈ మాటకు ఈ బరువు’ అని చెప్పి, చివరిదాకా అదే మాటకు కట్టుబడడం. కథలు రాసేటప్పుడు ఒకే మాట పదేపదే రాకుండా చూసుకుంటాం. నిబంధనలు రాసేటప్పుడు దీనికి విరుద్ధం. ఒకచోట ‘తొలగించు’, మరోచోట ‘తీసివేయి’, ఇంకోచోట ‘రద్దు చేయి’ అని రాస్తే, ఇవి మూడు వేర్వేరు పనులా అన్న అనుమానం చదివే ఇంజనీరుకు వస్తుంది.

‘షుడ్’కు ఎంత విలువ ఉందో బ్లాక్‌హోల్ వ్యవహారంలోనే చూడవచ్చు. 2016 అక్టోబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 7999, బ్లాక్‌హోల్ దారులకు తగిలించడానికి 65535:666 అనే గుర్తును నిర్ణయించింది. ఆ గుర్తుతో వచ్చిన దారి తమ నెట్‌వర్క్ దాటి బయటికి పోకుండా మరో గుర్తు చేర్చమని అందుకున్న రూటర్‌కు సూచించింది. అక్కడ వాడిన మాట ‘షుడ్’. 2008లో యూట్యూబ్‌ను కూల్చింది సరిగ్గా ఇలాంటి హద్దు లేకపోవడమే. హద్దు అవసరమని ఇప్పుడు రాతలో ఉంది. దాన్ని పాటించే బాధ్యత మాత్రం నెట్‌వర్క్‌ను నడిపేవాళ్ల మీదే ఉంది.

ఒకే మీట మీద రెండు చేతులు

దాడులను అడ్డుకునే ప్రోగ్రాం ఒక దారిని మూసింది. రద్దీని సమానంగా పంచే మరో ప్రోగ్రాం అదే దారిని తెరిచింది. మొదటిది మళ్లీ మూసింది. ఇలా సెకనుకు పలుమార్లు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే నెట్‌వర్క్‌కు అది దాడి కన్నా పెద్ద ముప్పు.

అందుకే ఇద్దరు క్లయింట్లు ఒకే అంశాన్ని మార్చబోతే దాన్ని పొరపాటుగా గుర్తించాలని ఆర్‌ఎఫ్‌సీ 8242 చెప్పింది. ప్రతి క్లయింట్‌కూ ఒక ప్రాధాన్యం ఉంటుంది. ఎక్కువ ప్రాధాన్యం ఉన్నవారి మాట చెల్లుతుంది. ఓడిపోయిన క్లయింట్‌ను గాలికొదిలేయకూడదు. ఫలానా అంశం మారిందని దానికి కబురు పంపి తీరాలి. లేకపోతే తన రక్షణ ఇంకా అమల్లోనే ఉందన్న భ్రమలో అది ఉండిపోతుంది.

ఇద్దరి ప్రాధాన్యమూ సమానమైతే? ముందు వచ్చినవారికే ఇవ్వడం ఒక పద్ధతి. అయితే పత్రం ఆ పద్ధతినే తప్పనిసరి చేయలేదు. ఫలితం ప్రతిసారీ ఒకేలా తేలాలి, విలువ అటూ ఇటూ ఊగిసలాడకూడదు అని మాత్రం పట్టుబట్టింది. అది సాధించే ఏ పద్ధతైనా సరేనంది. ఏం జరగాలో కచ్చితంగా చెప్పి, ఎలా జరగాలో తయారీదారుకు వదిలేయడం ఇక్కడి నేర్పు. పద్ధతిని కూడా రాసిపెడితే రేపు వచ్చే మెరుగైన ఉపాయానికి దారి మూసినట్టే.

ఇదే భాగంలో పైకి అల్పంగా కనిపించే మరో నిబంధన ఉంది. ఒక అంశాన్ని ఎవరు రాశారో భద్రపరిచేటప్పుడు క్లయింట్ గుర్తింపును రాసుకోవాలి, అప్పటి ప్రాధాన్యం అంకెను కాదు. కారణం, ప్రాధాన్యాలు కాలక్రమంలో మారతాయి. నిన్న పదో నంబరు ప్రాధాన్యం ఉన్న ప్రోగ్రాంకు ఇవాళ నిర్వాహకుడు ఐదే ఇచ్చి ఉండవచ్చు. అంకెను రాసుకున్న రూటర్ నిన్నటి అధికారాన్నే ఇవాళా గౌరవిస్తుంది. పేరు రాసుకున్న రూటర్ ఇవాళ్టి అధికారాన్ని చూసి నిర్ణయిస్తుంది. ‘రాసినవారి వివరాలు భద్రపరచాలి’ అని వదిలేసి ఉంటే రెండు రకాల రూటర్లూ నిబంధనను పాటించినట్టే లెక్క.

మనిషి చేత్తో చేసిన అమరికనూ ఈ పోటీ నుంచి మినహాయించలేదు. దానికీ క్లయింట్ల ప్రాధాన్యాలతో పోల్చదగిన ప్రాధాన్యం ఉండాలన్నారు. మనిషి మాటే ఎప్పుడూ పైచేయి కావాలా, అత్యవసర సమయంలో ప్రోగ్రాం మాట నెగ్గాలా అన్నది ఆయా నెట్‌వర్క్ నిర్వాహకులు ముందే తేల్చుకోవచ్చు.

మరచిపోవాలి, కానీ లెక్క ఉండాలి

రీబూట్‌తో మాయమయ్యే మార్పుల్లో ఒక ప్రమాదం పొంచి ఉంది. ఎవరో ఒక దారిని మళ్లించి, పని అయ్యాక రూటర్ రీబూట్ అయ్యేలా చేస్తే ఆనవాళ్లు ఉండవు. దురుద్దేశం లేకపోయినా, రాత్రి జరిగిన అంతరాయానికి కారణం వెతికే ఇంజనీరుకు ఉదయం ఆధారాలు దొరకవు. అందుకే మార్పుల జాడలను నమోదు చేయడానికి 2016 జూన్‌లోనే ఆర్‌ఎఫ్‌సీ 7922 అనే వేరే పత్రం వచ్చింది. ఏ క్లయింట్, ఏ ప్రాధాన్యంతో, ఏ సమయంలో, ఏ ఆదేశం ఇచ్చింది, ఫలితం ఏమిటి అన్న వివరాలను ఒక చట్రంలో పెట్టింది. స్థితి తాత్కాలికమైనా దాని చరిత్రకు లెక్క ఉండాలి.

మరి ఈ తాత్కాలిక స్థితికి రూటర్‌లో చోటు ఎక్కడ? శాశ్వత అమరికలోనే ఒక్కో అంశం పక్కన ‘ఇది తాత్కాలికం’ అని చీటీ అంటించాలా, లేక దానికంటూ వేరే అర ఉండాలా? డేటా నమూనాలో ఒక అంశం తాత్కాలికమని సూచించే వీలు యాంగ్ భాషలో ఉండాలని ఆర్‌ఎఫ్‌సీ 8242 కోరింది. 2018 మార్చిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8342 సమాచారాన్ని అరలవారీగా సర్దింది. స్టార్టప్ అమరిక ఒక అర, నడుస్తున్న అమరిక ఒక అర, అమలు కావాలని ఉద్దేశించినది ఒక అర, వాస్తవంగా అమల్లో ఉన్నది మరో అర. ప్రోగ్రాములు అప్పటికప్పుడు పెట్టే అమరికకు విడిగా ‘డైనమిక్’ అరలు ఉండవచ్చని చెప్పి, తాత్కాలిక అమరిక కోసం అలాంటి అరను ఎలా నిర్వచించవచ్చో అనుబంధంలో ఒక ఉదాహరణ కూడా ఇచ్చింది.

అమల్లో ఉన్న ప్రతి అమరికకూ అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిపే గుర్తునూ ఆ పత్రం నిర్వచించింది. మనిషి రాసిందా, డైనమిక్ అర నుంచి వచ్చిందా, రూటర్ తనంతట పెట్టుకుందా, పక్క పరికరం నుంచి నేర్చుకుందా అన్నది చూడగానే తెలుస్తుంది. వర్జీనియా సమావేశంలో నిర్వాహకులు అడిగిన స్పష్టతకు ఇది దాదాపు పదహారేళ్ల తర్వాత దొరికిన జవాబు. జూనిపర్ కంపెనీ రూటర్లలోనూ శాశ్వత అమరికకు వేరుగా, రీబూట్‌తో పోయే తాత్కాలిక డేటాబేస్ ఉంది.

ఆవశ్యకతల పత్రం దానంతట అది ఏ రూటర్‌నూ నడపదు. ఆర్‌ఎఫ్‌సీ 8242 కూడా సమాచార పత్రంగానే వెలువడింది, ప్రమాణంగా కాదు. కానీ తర్వాత ఎవరు ప్రొటోకాల్ రాసినా, సాఫ్ట్‌వేర్ తయారుచేసినా, పరీక్షించినా, కొనుగోలు టెండరు రాసినా అడగాల్సిన ప్రశ్నలు అందులో సిద్ధంగా ఉన్నాయి. ఈ మార్పు ఏ సంఘటనతో పోతుంది? తిరిగి తెచ్చే హక్కు ఎవరిది? ఇది దేని మీద ఆధారపడింది, దీని మీద ఏది ఆధారపడకూడదు? ఇద్దరు పోటీపడితే ఎవరు గెలుస్తారు, ఓడినవారికి ఎవరు చెబుతారు? పోయాక కూడా దాని లెక్క ఎక్కడ ఉంటుంది?

ఈ ప్రశ్నలు రూటర్లకే పరిమితం కావు. ట్రాఫిక్ సిగ్నళ్లను, విద్యుత్ గ్రిడ్‌ను, నీటి పంపులను కూడా ప్రోగ్రాములు కొద్ది నిమిషాల కోసం, కొద్ది గంటల కోసం మారుస్తున్న కాలమిది. నిబంధనలో ‘ప్రస్తుతానికి’ అన్న మాట చదివిన జూనియర్ ఇంజనీరు పక్క సీటులోని సీనియర్‌ను అడిగి అర్థం తెలుసుకోగలడు. ప్రోగ్రాం అలా అడగదు. దానికి అందిన అర్థమేదో అదే అమలు చేస్తుంది.